పడమటి కర్నూలులో ప్రార్థన చేసే పని

ఖరీఫ్ దెబ్బతిన్న ఏడాది దసరా దాటిందంటే ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలు ఖాళీ కావడం మొదలవుతుంది. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం, నందవరం, హొళగుంద మండలాల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. కొందరు తెలంగాణలో పత్తి తీయడానికి, కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు, ఇంకొందరు కర్ణాటక పొలాలకు, బెంగళూరు కట్టుబడి పనులకు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పశువులు, అవ్వ దగ్గర వదిలిన పిల్లలు. ఉగాది నాటికి తిరిగొచ్చేవాళ్లు తిరిగొస్తారు.

ఇవే పల్లెల్లో, ముఖ్యంగా ఎస్సీ కాలనీల్లో, దీపాలు పెట్టే వేళకు క్రైస్తవ ప్రార్థన మొదలవుతుంది. ఒకచోట పాత మిషన్ కట్టించిన గుడి, ఒకచోట రేకుల మందిరం, మరోచోట ఎవరింటి వసారానో. ఆదివారం ఆరాధన, వారంలో ఒకరోజు ఉపవాస ప్రార్థన, ఇంటింటా తిరిగే స్త్రీల కూడిక, అప్పుడప్పుడు రాత్రంతా ప్రార్థన. వలస పోయేవాళ్లలో చాలామంది ప్రార్థించేవాళ్లే. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కరువు, అప్పు, వలస కలిసి ఒక సమాజాన్ని నలిపేస్తున్నప్పుడు ప్రార్థన వల్ల జరిగే పని ఏమిటి?

ప్రార్థిస్తే వాన పడుతుందా అన్నది విశ్వాసికీ దేవుడికీ మధ్య ఉన్న మాట. దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. మనుషుల మధ్య ప్రార్థన ఏం చేస్తుందో, ఎక్కడ చేయలేకపోతోందో మాత్రం చూడవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సీమలో కష్టం చేసే పెద్ద హాని ఇళ్లను ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం. ప్రార్థన చేయగలిగిన పెద్ద పని ఒక ఇంటి గుట్టు బాధను సంఘమంతటి బాధగా మార్చడం. ఆ పని జరిగినచోట ప్రార్థన బలం. జరగనిచోట అదే ప్రార్థన ఓదార్పు దగ్గరే ఆగిపోతుంది.

కష్టం ఒంటరిని చేస్తుంది

ఈ ప్రాంతపు కష్టానికి మూలం నీళ్లు. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఎక్కువ పొలాలకు వానే దిక్కు. హోస్పేట దగ్గరి డ్యామ్ నుంచి బళ్లారి మీదుగా వచ్చే దిగువ కాలువ కింద కర్నూలు జిల్లాకు 24 టీఎంసీల వాటా, సుమారు 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నాయి. కాలువ చాలా దూరం పారి రావాలి. పూడిక, పైన జరిగే వాడకం దాటుకుని చివరి భూములకు చేరేది ఏటా తగ్గుతూ ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులు వారం రోజులు ఊపిరి బిగబట్టి గడిపారు. ఆ గేటుకు అడ్డు కట్టే పని ఇంజనీరు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పూర్తయ్యాకే పైరు మీద ఆశ మిగిలింది.

పంట పోతే అప్పు తీరదు. అప్పు తీరాలంటే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. అడ్వాన్సు తీసుకున్నాక ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. పిల్ల బడి మానుతుంది. ఈ వరుసలో ప్రతి అడుగూ ఒక కుటుంబం ఒంటరిగా, గుట్టుగా వేసేదే. అప్పు ఎంతో పక్కింటికి తెలియనివ్వరు. అడ్వాన్సు లెక్క మేస్త్రీకి, ఇంటి పెద్దకు మధ్యే ఉంటుంది. తెల్లవారుజామున ఆటో ఎక్కి పోయిన కుటుంబం సంగతి మర్నాడు తాళం చూస్తే గానీ తెలియదు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలోనూ జరిగేది ఇదే. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు దాని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే: నూలు కోసం, అమ్మకం కోసం నేతగాడు షావుకారు ముందు ఒంటరిగా నిలబడకూడదు. కష్టం మనిషిని ఒంటరిని చేస్తుందనీ, దానికి విరుగుడు కూడటమేననీ ఈ నేలకు ఎప్పుడో తెలుసు.

కరువులో పుట్టిన ప్రార్థన

తెలుగునాట క్రైస్తవ ప్రార్థనకు, కరువుకు ఉన్న బంధం ఇవాళ్టిది కాదు. 1876-78 నాటి కరువు మద్రాసు రాజధానిలో లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. బళ్లారి, కర్నూలు జిల్లాలు దాని దెబ్బను అందరికంటే ఎక్కువగా తిన్నవాటిలో ఉన్నాయి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ ఆదోని, ఆలూరు తాలూకాలు ఇటు రాలేదు. ఆ కరువులో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలీని కోసి, మగమనిషికి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో ఆ పని చేస్తే మనుషులు బతకరని రాజధాని పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలీ పెంచక తప్పలేదు.

అదే కరువులో ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. అతని సహాయకులైన తెలుగు బోధకులు పగలు పని చూసుకున్నారు, రాత్రి జనం మధ్య కూర్చుని ప్రార్థించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సహాయం నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మిషన్ విస్తరించిన కంభం, మార్కాపురం తాలూకాలు నాడు కర్నూలు జిల్లాలోవే. దానికి చాలాముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూవెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు గుట్ట ఎక్కి ఆ ఊరి కోసం ప్రార్థించారు. ఇవాళ్టికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి బాప్తిస్మాల సంఖ్య కంటే పెద్దది. మాదిగ, మాల పల్లెల మనుషులకు అంతకుముందు నలుగురిలో నిలబడి నోరు విప్పి తమ బాధ చెప్పుకునే చోటు లేదు. ఊరి రచ్చబండ వాళ్లది కాదు. గుడి వాళ్లను రానివ్వలేదు. ప్రార్థన కూడిక వాళ్లకు ఆ చోటు ఇచ్చింది. చదువు రానివాళ్లు కూడా పదిమంది ముందు సొంత మాటల్లో దేవుడితో మాట్లాడటం నేర్చుకున్నారు. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్ పీఠం పల్లె సంఘాలకు రోజూ కూడి ప్రార్థించే అలవాటు నేర్పడానికి అంత పట్టుబట్టింది అందుకే. రోజూ కూడేవాళ్లు రోజూ ఒకరి సంగతి ఒకరు వింటారు.

నలుగురిలో చెప్పిన బాధ

కూడికలో జరిగేదాన్ని వివరంగా చూద్దాం. పాట అయ్యాక, వాక్యం చదివాక, పాస్టరు గానీ పాస్టరమ్మ గానీ ప్రార్థన అంశాలు అడుగుతారు. ఒకామె లేచి, మిరప కోతకు పోయిన కొడుకు పది రోజుల నుంచి ఫోను ఎత్తడం లేదంటుంది. ఇంకొకామె కూతురికి పచ్చకామెర్లంటుంది. ఒక ముసలాయన పింఛను ఆగిందంటాడు. తర్వాత అందరూ కళ్లు మూసుకుని ఆ కొడుకును, ఆ కూతురిని, ఆ ముసలాయనను పేరు పెట్టి ప్రార్థిస్తారు.

ఈ కొద్ది నిమిషాల్లో మూడు పనులు జరుగుతాయి. గుట్టుగా ఉన్న బాధ బయటపడుతుంది. విన్న ముప్పై మందికి అది తెలిసిపోతుంది. దేవుడి ముందు ఆ పేరు పలికినవాళ్లకు మర్నాడు ఎదురుపడినప్పుడు పలకరించాల్సిన బాధ్యత ఏర్పడుతుంది. అదే మేస్త్రీ గుంపులో పోయిన ఇంకొకరి నంబరు ఎవరి దగ్గరో ఉంటుంది. ఆదోని ఏరియా ఆసుపత్రిలో ఎవరిని కలవాలో ఒకరికి తెలుసు. పింఛను ఎందుకు ఆగిందో సచివాలయంలో అడిగొచ్చే చదువుకున్న పిల్ల ఆ కూడికలోనే ఉంటుంది. ఆ సాయాలన్నీ దొరకడానికి ముందు బాధ నోట రావాలి. తలవంపు అని దాచుకునే మనిషిచేత కూడా ప్రార్థన దాన్ని చెప్పిస్తుంది, ఎందుకంటే అక్కడ అడగడం చేయి చాచడం కాదు, దేవుడికి విన్నవించుకోవడం.

బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. ఎన్నాళ్లు అని నిలదీసేవి, శత్రువును ఎత్తిచూపేవి, కన్నీళ్లు లెక్కపెట్టమని దేవుణ్ణి అడిగేవి. ఫిర్యాదు చేయడం అవిశ్వాసం అనుకునేవాళ్లకు ఆ గ్రంథమే జవాబు. పాడుపడ్డ పంటను చూసి అంతా దేవుడి చిత్తమని నోరు మూసుకోవడం కంటే, నలుగురిలో ఏడ్చి అడగడం ఆ సంప్రదాయానికి దగ్గర.

ప్రార్థనతోపాటు పుట్టిన చిన్న అలవాట్లు కూడా ఇదే పని చేస్తాయి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి పక్కన పెట్టే అలవాటు తెలుగు సంఘాల్లో పాతది. కూలి చేసుకునే ఆడవాళ్లు తమకే చాలని బియ్యంలోంచి దేవుడి పేరిట తీసిన ఆ గుప్పెళ్లు సంఘ పరిచర్యకు వెళ్లేవి. ఇవ్వలేని ఇల్లంటూ ఉండదని అది నేర్పింది. కూడటమే కుదరనప్పుడు కూడా ఈ పని ఆగలేదు. 2020లో లాక్‌డౌన్ ఈస్టరుకు ముందరి శ్రమదినాల మధ్యలో వచ్చింది. కర్నూలు జిల్లా రాష్ట్రంలో మొదట్లోనే ఎక్కువ కేసులు చూసిన జిల్లా. ఏప్రిల్ 12న ఈస్టరు పండుగ రోజు మందిరాలకు తాళాలు. పనులకు పోయినవాళ్లు పోయినచోటే చిక్కుకున్నారు. అప్పుడు ప్రార్థన ఫోన్లలోకి మారింది. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి దగ్గర బియ్యం అయిపోయాయో ఆ ఫోన్లలోనే తెలిసింది.

నెహెమ్యా చేసినది

ఈ సీమ విశ్వాసులకు బైబిల్లో అందరికంటే దగ్గరగా నిలబడే మనిషి నెహెమ్యా అని నాకనిపిస్తుంది. యెరూషలేము గోడలు కూలిపోయాయని విన్నప్పుడు అతను కొన్నాళ్లు ఉపవాసముండి ఏడ్చి ప్రార్థించాడు. తర్వాత రాజు దగ్గరికి వెళ్లి సెలవు, ఉత్తరాలు, కలప అడిగాడు. గోడ కడుతుంటే శత్రువులు దాడికి సిద్ధమయ్యారు. జనం ప్రార్థించి, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టారు.

అతని పుస్తకంలో ఐదో అధ్యాయాన్ని ఆదోని వైపు ఏ పల్లెలో చదివినా వివరణ అక్కర్లేదు. కరువొచ్చింది. తిండిగింజల కోసం పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. పన్ను కట్టడానికి అప్పు చేశారు. కొడుకుల్ని, కూతుళ్లను దాస్యానికి పంపారు. అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, సొంత జాతి పెద్దలు. నెహెమ్యా పెద్ద సమాజాన్ని పిలిచి, ఆ పెద్దలను అందరి ముందు నిలదీసి, పొలాలు, ఇళ్లు, వడ్డీ తిరిగి ఇప్పించి, ప్రమాణం చేయించాడు. ప్రార్థనతో మొదలైన కథ అప్పు పత్రాల దాకా వచ్చింది. మధ్యలో ఎక్కడా తెగలేదు.

ఇదే మన దగ్గర తెగిపోతోంది. అప్పు గురించి ప్రార్థిస్తాం, వడ్డీ గురించి మాట్లాడం. వలస పోయిన పిల్లల కోసం ప్రార్థిస్తాం, పత్తి విత్తనాల చేలలో ఆడపిల్లలు పరాగసంపర్కం పనికి ఎందుకు పోతున్నారని అడగం. కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు వేలమంది ఆడపిల్లల బడిని మింగిందని రెండు దశాబ్దాల కిందటే పరిశోధకులు బయటపెట్టారు. ఆ చేలు గలవాళ్లలో, ఆ మేస్త్రీల్లో మన సంఘాలవాళ్లే ఉంటే సంఘం ఏమందో మనకు మనమే జవాబు చెప్పుకోవాలి.

ప్రార్థన చేయలేకపోతున్నది

మరికొన్ని లోపాలు కూడా సూటిగా చెప్పుకోవాలి.

మొదటిది, అద్భుతాల హామీ. స్వస్థత కోసం ప్రార్థించడం క్రైస్తవుల హక్కు, సాంత్వన. మందులు మానేయమని చెప్పడం మాత్రం పాపం. క్షయకు ఆరు నెలలు మాత్రలు వాడాలి. మధ్యలో మానితే మందులకు లొంగని క్షయ రావచ్చు. పాము కాటుకు విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉంది. రోగి మంచం పక్కన ప్రార్థించే పాస్టరే మాత్రల కార్డు కూడా చూసి, వేళకు వేసుకుంటున్నావా అని అడిగితే ఆ ప్రార్థన ప్రాణం కాపాడుతుంది. ఇంత కానుక ఇస్తే ఇంత ఆశీర్వాదమని చెప్పే బోధ అప్పులో ఉన్న ఇంటిని ఇంకా అప్పులోకి తోస్తుంది. పైగా బాగుపడని ఇల్లు తన విశ్వాసం చాలలేదని సిగ్గుతో మళ్లీ నోరు మూసుకుంటుంది. అంటే ప్రార్థన తీయాల్సిన ఒంటరితనాన్ని ఆ బోధ పెంచుతుంది.

రెండోది, కులం. ఒకే బైబిలు చదివే మాల, మాదిగ సంఘాలు పక్కపక్క గేరుల్లో వేరువేరుగా కూడటం తెలుగునాట కొత్త కాదు. ఒక గేరి బాధ రెండో గేరి ప్రార్థనలో వినబడకపోతే, ఊరి పెద్దల ముందు ఇద్దరూ బలహీనులే. ఇంకా, కూడికలో ప్రార్థించేది ఎక్కువగా స్త్రీలు, కమిటీలో నిర్ణయించేది ఎక్కువగా పురుషులు. ఇంటి అప్పు, పిల్ల బడి, ఆగిన పింఛను గురించి అందరికంటే బాగా తెలిసినవాళ్ల మాట నిర్ణయాల దగ్గరికి చేరడం లేదు.

మూడోది చట్టం పెట్టిన చిక్కు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో పెట్టారు. దానికి కోటా ఒక్క శాతం. ఎస్సీలకు 15 శాతం. మతం మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో రాష్ట్ర హైకోర్టు కూడా చెప్పింది. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే కనబడ్డారు. పల్లె పల్లెన మందిరాలు చూసినవాళ్లకు ఆ అంకె వెనక ఎంతమంది మౌనం ఉందో అర్థమవుతుంది. ఇంట్లో, మందిరంలో యేసు పేరున మొరపెట్టుకునే మనిషి సర్టిఫికెట్ దగ్గర ఆ పేరు చెప్పలేడు. అన్ని బాధలూ చెప్పుకునే కూడికలో ఈ ఒక్క బాధ గుసగుసగానే మిగిలింది. ఈ విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ క్రైస్తవ దళితులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. దేశంలో చాలా సంఘాలు ఆగస్టు 10ని నిరసన దినంగా పాటించి ప్రార్థిస్తున్నాయి. మతం మారితే అంటరానితనం మాయమవుతుందని ఆ ఉత్తర్వు అనుకుంటోంది. ఆ అనుకోలు ఎంత అబద్ధమో ఈ పల్లెల్లో హోటలు గ్లాసుకు, శ్మశానం దారికి తెలుసు.

పక్కవాళ్లతో కలిసి

పడమటి కర్నూలులో ప్రార్థించేది క్రైస్తవులు ఒక్కరే కాదు. వాన రాకపోతే ఆదోని ముస్లింలు ఊరి బయట మైదానంలో ఇస్తిస్కా నమాజు చేస్తారు. పల్లెల్లో కప్పల పెళ్లి చేస్తారు, విరాటపర్వం చదివిస్తారు. మంత్రాలయం రాఘవేంద్రస్వామికీ, ఉరుకుంద ఈరన్నకూ మొక్కుకుంటారు. కాలువ నీళ్లు, గిట్టుబాటు ధర, ఉపాధి పని, ఇవన్నీ వీళ్లందరికీ ఒకటే. అందుకని క్రైస్తవుల మొర క్రైస్తవుల పొలం దగ్గరే ఆగిపోకూడదు.

బయటి ప్రపంచం నుంచి రెండు సంగతులు ఇక్కడ పనికొస్తాయి. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ నగరపు సెయింట్ నికొలస్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం శాంతి ప్రార్థనలు జరిగేవి. ఏళ్ల తరబడి వచ్చింది కొద్దిమందే. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థన తర్వాత కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లోకి వచ్చినవాళ్లు దాదాపు 70,000. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. రెండోది ఆఫ్రికాలోని లైబీరియా. 2003లో అంతర్యుద్ధం మధ్య మన్రోవియాలో క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్ల బట్టలు కట్టుకుని చేపల బజారు దగ్గర ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చుని ప్రార్థించారు. శాంతి చర్చలకు ఒప్పుకోమని పాలకుల దగ్గర పట్టుబట్టారు. ఆ ఏడాది ఆగస్టులో ఒప్పందం జరిగింది. వాళ్లను నడిపించిన లేమా బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ప్రార్థన వీళ్లకు మళ్లీ మళ్లీ ఒకచోట కూడే ఓపికను ఇచ్చింది. అదను వచ్చినప్పుడు లేచి నిలబడటానికి జనం సిద్ధంగా ఉన్నారు.

ఇప్పుడు చేయగలిగినది

ఇందులో దేనికీ పెద్ద డబ్బుతో పనిలేదు. వలస మొదలయ్యే నెలలో సంఘం చేసే ప్రార్థన జాబితాకు ఒక నోటుబుక్కు కలిస్తే చాలు. ఎవరు పోతున్నారు, ఏ ఊరికి, మేస్త్రీ ఎవరు, ఫోను నంబరు ఏది, అడ్వాన్సు ఎంత, వెంట పోయే పిల్లలు ఎందరు. ఆ పిల్లల పేర్లు వలస కుటుంబాల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టల్ వాళ్లకు ముందే ఇవ్వాలి. హాస్టల్ ఇంకా తెరవకపోతే తెరవమని అడగడానికీ అదే జాబితా ఆధారం. పోయినచోట కూడా రేషను బియ్యం తీసుకోవచ్చని, ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చని పోయే ముందు ఆదివారమే చెప్పాలి. ఉపాధి పని అడిగినవాళ్ల దరఖాస్తులకు రసీదులు తీసుకోవాలి. రసీదు లేని మొర ఏ ఆఫీసులోనూ లెక్కలోకి రాదు.

సోమవారం ఆదోని సబ్ కలెక్టరు ఆఫీసుకు అర్జీలు పట్టుకుని పోయేటప్పుడు ఒక్కొక్కరు పోకుండా సంఘంగా పోవాలి. పక్క గేరివాళ్లను, మసీదు పెద్దలను, కాలువ చివరి రైతులను కలుపుకోవాలి. న్యాయం చేయని న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ పోయి విసిగించి న్యాయం పొందిన విధవరాలి కథను యేసు చెప్పింది విసుగు లేకుండా ప్రార్థించడం నేర్పడానికే. ఆ కథలో ప్రార్థనకు ఆయన చూపించిన నమూనా ఒక ఆఫీసు గుమ్మం వదలని పేద ఆడమనిషి. మన సంఘాల్లో అలాంటి ఆడవాళ్లకు కొదవలేదు. వాళ్లకు కమిటీలో చోటిచ్చి, చేతికి ఆ నోటుబుక్కు ఇచ్చి, వెంట నడవడం మిగతావాళ్ల పని.